వంతు గిన్నె

సిరిసిల్ల,
5 ఫిబ్రవరి 2024

అన్నకు రుక్కమ్మ రాసేది,

నీ నంబరు బ్లాకుల పెట్టిన. ఫోన్ల మాట్లాడితె నువ్వొకటంటవ్, నేను రెండంట, నడుమల వదినె ఫోన్ గుంజుకుంటది. అందుకే రాస్తున్న. బడికి పోయి నేర్చుకున్న నాలుగు అక్షరాలు గిట్లనన్న పనికి రానీ.

నువ్వు బస్సు పార్సల్ల పంపిన మూట అందింది. అవ్వ పోయినంక పంచిన సామాన్ల నా పాలు అన్నవ్ గదా. మా ఆయన మగ్గం బంద్ పెట్టి బస్టాండుకు పోయి భుజం మీద మోసుకచ్చిండు. గోనెసంచి కుట్లు ఇప్పి చూస్తె లోపట ఒక్కటే గిన్నె. ఇత్తడిదే, బరువే, గని అడుగు గుండ్రం. కింద పెడితె నిలువది, దొర్లుతది. నీళ్ళు పోస్తె అడుగు నడుమ నుంచి కారుతున్నయ్. సూది పట్టేంత చిల్లు. దాని పక్కన నల్లగ ఏదో మడ్డి అంటుకోని ఉన్నది, గోరుతోని గీకితె రాలేదు.

గంగాళం వదినెకు. రాగి బిందెలు నీ కోడలికి. ఉయ్యాల గొలుసులు సుత నీ ఇంట్లనే. నాకు చిల్లు గిన్నె! అవ్వ మంచం పట్టినప్పుడు బీడీల చాట పక్కకు పెట్టి వచ్చి కూసున్నది ఎవరు? ఆమె ఒళ్ళు తుడిచింది ఎవరు? గప్పుడు బిడ్డ కావాలె, పంచేటప్పుడు బిడ్డ పరాయిది.

మా అత్తమ్మ "ఏం పంపిండ్రు బిడ్డా మీ అన్నోళ్ళు?" అని అడిగితె, ఏదో పాత సామాను అని చెప్పి గిన్నెను మంచం కిందికి తోసిన. ఇజ్జత్ పోయింది అన్నా. పసుపు పండే ఇంట్ల పుట్టి గీ మగ్గాలింటికి ఎందుకొచ్చిన్నో నేను ఒక్కనాడు అడగలేదు. మీరు ఇచ్చిండ్రు, వచ్చిన. అడగనోళ్ళకు గిట్లనే ఇస్తరా?

నీ చెల్లె అని రాయబుద్ధి అయితలేదు.
రుక్కమ్మ

---

కోరుట్ల,
12 ఫిబ్రవరి

చెల్లె రుక్కమ్మకు అన్న లక్ష్మీరాజం దీవెనలు. దీవించే మూడ్ లేదు గని పెద్దోణ్ణి కాబట్టి రాస్తున్న.

నీ ఉత్తరం దుకాణంల గిరాకీ ముందట విప్పిన. యూరియా బస్తాల మీద కూసోని చదివిన. చదివినంక గిరాకీని సుత కసురుకున్న. నిన్ను ఎగతాళి చేసుడు నాకేం అవసరం? ఆ గిన్నె పంపుడు నా తెలివి కాదు. అవ్వ మాట. పోయే ముందు నా చెయ్యి పట్టుకోని, "అటుక మీది చిల్లు గిన్నె రుక్కికే ఇయ్యాలె. అది సిరిసిల్లకే పోవాలె" అన్నది. మరి గంగాళం ఎవరికే అంటె "నీ ఇష్టం" అన్నది. ఆమెకు అన్ని సామాన్లల్ల ఆ ఒక్కటే యాదికున్నది. నాకు సమజ్ కాలే, గని పంపిన. పంపకుంటె అవ్వ మాట తప్పినోణ్ణి అయితుంటి. పంపితె గిట్లయిన.

ఇంకో ముచ్చట విను. అది ఉత్త గిన్నె కాదు. జగిత్యాలల పాత సామాన్లు కొనేటాయనకు చూపెడితె ఇది శానా పాతది, పోత పోసింది, గిప్పుడు ఇట్లాంటివి ఎవరు చేస్తలేరన్నడు. ఎందుకు వాడుతరో ఆయనకు తెల్వదు. ధర్మపురి పోయినప్పుడు అయ్యగారిని అడిగిన. లింగం మీద బొట్టు బొట్టు నీళ్ళు పడేటందుకు పెట్టే ధారపాత్ర అయి ఉండొచ్చు అన్నడు. అంటె దేవుని సామాను. అవ్వ నీకు దేవుని సామాను ఇస్తె నువ్వు మంచం కిందికి తోసినవ్.

అవ్వబాపుల విగ్రహాలు జగిత్యాలల తయారయితున్నయ్. మన పాత బాయి గడ్డ మీదనే పెడ్తున్న. కింద బండ మీద "పదిమందికి ధర్మంగ నీళ్ళు పంచిన గంగారాం, లచ్చవ్వ" అని చెక్కిస్తున్న. చైత్రంల పండుగ. నువ్వు, బావ రావాలె.

మగ్గాలింటికి ఎందుకిచ్చిండ్రని నన్నడిగితె నేనేం చెప్పాలె? అవ్వ పట్టుబట్టింది, ఇచ్చిండ్రు. మీ మామ నాంపెల్లి మన పక్క భూమాయనే గదా. మనకున్నట్టే ఆయనకు భూమి ఉండె, ఒక్క బాయి కిందనే రెండిండ్లు బతికినయ్. ఆయన ఒళ్ళు వంచలే, ఎండబెట్టుకున్నడు, బాపుకు అమ్ముకోని సిరిసిల్ల పోయిండు. గది మా తప్పా?

కోపం తగ్గించుకో.
లక్ష్మీరాజం

---

సిరిసిల్ల,
20 ఫిబ్రవరి

అన్నకు,

మా మామను ఒళ్ళు వంచనోడు అన్నవ్. ఆ మాట నేను ఇంట్ల చదివి వినిపియ్యలే. మా ఆయన చదువుతడేమోనని ఉత్తరం బియ్యం డబ్బల పెట్టిన. గని ఇప్పుడు రాసేది మొత్తం చదువు, దుకాణంల కాదు, ఇంట్ల కూసోని చదువు.

ధారపాత్ర అయితె గొలుసుకు కట్టే కొక్కెం ఉండాలె గదా? అంచు మీద ఏడ చూసినా ఒక్క కొక్కెం లేదు, ఉన్న జాడ లేదు. దేవునిది కాదు, ఏం కాదు అనుకోని, చిల్లు మూపిస్తె బియ్యం కడగనన్న పనికొస్తదని కమాలుద్దీన్ భాయ్ దగ్గరికి పట్టుకపోయిన. గాంధీ చౌక్ వెనుక కలాయి పెడ్తడు, మాట్లు వేస్తడు. ఆయన గిన్నెను సెగ మీద పెట్టంగనే ఆ నల్ల మడ్డి కరిగి కారింది. మైనం అన్నా! మైనం కారినంక దాని కింద ఇంకో చిల్లు. మొదటిదానికంటె పెద్దది. "చెల్లె, ఇది గిన్నెనా జల్లెడనా" అని నవ్విండు. నాకు నవ్వు రాలే. మూయొద్దని చెప్పి గిన్నె తీసుకోని ఇంటికొచ్చిన.

ఇంటికొచ్చి మా ఆయన మీద అరిచిన. నీ బామ్మర్ది ఒక్క చిల్లు సరిపోదని రెండు చిల్లుల గిన్నె పంపిండు అన్న. బీడీలు చేసుకుంట గడప కాడ కూసున్న అత్తమ్మ చెయ్యి ఆగింది.

"ఏం గిన్నె? రెండు చిల్లులేంది? ఇటు తే."

ఇచ్చిన. రెండు చేతుల్ల పట్టుకోని తిప్పితిప్పి చూసింది. అంచు లోపట చెక్కి ఉన్న ఆనవాలు గీత మీద బొటనవేలు పెట్టింది. టబ్బుల నీళ్ళు తెమ్మన్నది. తెచ్చిన. గిన్నెను నీళ్ళ మీద వదిలింది. అడుగు నుంచి నీళ్ళు ఊరుకుంట వచ్చినయ్, చూస్తుండంగనే బుడుంగుమని మునిగింది. తీసింది. ఇంట్లకు పోయి పిండి ముద్ద తెచ్చి ఆ పెద్ద చిల్లు మూసింది. మల్ల వదిలింది. ఇగ మునుగదు. నేను చాయ్ పెట్టిన, పోసిన, తాగినం. అత్తమ్మ చాయ్ ముట్టలే. టబ్బు మీదికి వంగి చూసుకుంటనే ఉన్నది. ఎప్పటికో మునిగింది.

అప్పుడు అత్తమ్మ అరిచిన అరుపు, పక్కింటోళ్ళు ఉరికొచ్చిండ్రు. "ఓ నాంపెల్లీ, నువ్వు చెప్పింది నిజమేరా" అని. మొగని పేరు ఎన్నడు ఎత్తని మనిషి.

అది వంతు గిన్నె అన్నా. నీకు, నాకు తెలువకముందటిది. మన తాత, మామోళ్ళ నాయిన కలిసి బాయి తవ్వినప్పుడు, రెండిండ్ల చెంబులు కరిగించి కంచరోళ్ళతోని పోత పోయించిండ్రట. బాయి ఒక్కటి, మోట ఒక్కటి. గడియారం ఎవరికున్నది? గిన్నెను తొట్టిల వదిలితె మునిగేదాంక ఒకరి వంతు. మునిగినంక కాల్వ మలిపి రెండోళ్ళ వంతు. పెద్దోళ్ళు పెట్టింది ఒక్కటే చిల్లు. ఆ రెండో చిల్లు తర్వాత పెట్టింది. మన వంతుల మైనంతోని మూసుడు, వాళ్ళ వంతుల తీసుడు. మన పసుపుకు గిన్నె మెల్లగ మునుగుతది. వాళ్ళ మక్కకు గిన్నె ఉరుకుతది.

మామ పసిగట్టిండు. మా వంతుల గిన్నె ఊకె మునుగుతందని పంచాయితి పెట్టిండు. పెద్దమనుషుల ముందట గిన్నె వదిలితె మంచిగనే మునిగింది. మైనం ఉన్నది గదా! అబద్ధాలాడిండని మామతోని బాపు కాళ్ళు మొక్కించిండ్రు. ఊరంత బద్ధకస్తుడన్నది. ఇంటికొస్తె అత్తమ్మ సుత అన్నదట. గిప్పుడు నువ్వు అంటున్నవ్.

ధర్మంగ నీళ్ళు పంచినోళ్ళు! ఆ బండ చెక్కేటోనికి ఇప్పుడే ఫోన్ చెయ్.

రుక్కమ్మ

---

కోరుట్ల,
1 మార్చి

రుక్కమ్మకు,

ఇట్ల రాసే ముందు నీ చెయ్యి ఆగలేదా? బాపు పోయి ఏండ్లయింది. అవ్వ దినాలు మొన్ననే అయిపోయినయ్. ఇద్దరు జవాబు చెప్పలేరు. చెప్పలేనోళ్ళ మీద దొంగ ముద్ర వేస్తవా? ఆ ఇంటి అన్నం తిని పెరిగినవ్ నువ్వు.

నాకు సమజైంది. గీ మాటలు నీయి కావు. మీ అత్తమ్మ గౌరవ్వ ఇంతకాలం కడుపుల పెట్టుకున్నది. ఇప్పుడు భూముల రేట్లు పెరిగినయ్, రోడ్డు పడ్డది, పాత భూమి మీద కన్ను పడ్డది. గిన్నె దొరికింది, కథ దొరికింది. రాసి పెట్టుకో, ఒక్క గుంట భూమి ఇయ్యను. బాపు కాగితాల మీద కొన్నడు, పట్టా ఉన్నది. కోర్టుకు పోతె పోండ్రి.

ఇంకోటి. పాత గిన్నెకు చిల్లు పడుతది. పడితె ఏం చేస్తరు? మైనం పెట్టి మూస్తరు. అంతే. అవ్వ పొదుపు మనిషి, మాటు వేయించకుంట మైనం పెట్టి ఉంటది. దానికి ఇంత రామాయణం తీస్తవా? తొట్టిల గిన్నె ముంచి మునిగింది, తేలింది అని తీర్పు చెప్తరా?

విగ్రహాలు వస్తున్నయ్. ఏప్రిల్ల పదహారు నాడు పెడ్తున్న. బండ మీద అక్షరాలు ఉంటయ్. నువ్వు వస్తె మంచిగ రా, తల్లిగారింటి ఆడబిడ్డ లెక్క రా. అత్తను తీసుకోని కొట్లాటకు వస్తె మాత్రం గడ్డ మీద అడుగు పెట్టనియ్య. వదినె సుత ఇదే చెప్పమన్నది.

లక్ష్మీరాజం

---

సిరిసిల్ల,
9 మార్చి

లక్ష్మీరాజానికి,

అన్న అని రాయలే, చూసినవా. చేతికి రాలే.

నీ ఉత్తరం అత్తమ్మకు చదివి వినిపించిన. మొత్తం. భూమి మీద కన్ను పడ్డదన్న కాడ ఆగుదామనుకున్న, "చదువు" అన్నది. విన్నది. "వాని భూమి నాకెందుకే? నాకు కాళ్ళు నడువయి, దాన్ని ఏం జేసుకుంట?" అన్నది. గుంట భూమి వద్దు, పైస వద్దు. కాగితం మీద వేలుముద్ర వేసి ఇస్తనంటున్నది. నీ పట్టా నువ్వు భద్రంగ పెట్టుకో.

మైనం పెట్టి మూసిండ్రు అన్నవ్. నేను సుత గదే నిజం కావాలని మొక్కుకున్న. అవును, మొక్కుకున్న. మల్ల కమాలుద్దీన్ భాయ్ దగ్గరికి పోయిన. ఆ మైనంల ఇంకేమన్న ఉండెనా అని అడిగిన. "దారం ముక్క ఉండె చెల్లె, కాలిపోయింది. మైనంల పొదిగి కొస బయటికి పెట్టిండ్రు" అన్నడు. చిల్లు మూసేటోళ్ళు దారం ఎందుకు పెడ్తరు? పెట్టరు. గుంజేటోళ్ళు పెడ్తరు. పట్టుకోని గుంజితె మైనం ముద్ద ఊడి చేతిలకు వస్తది. మల్ల అదిమి పెడితె మూసుకపోతది.

ఇగ ఇది విను. బాయి కాడ గిన్నె ముందట కూసునేది ఎవరో తెల్సా? నేను బాపు అనుకున్న. అత్తమ్మను అడిగిన. "మొగోళ్ళకు తీరికేడిది? మోట కాడ ఒకరు, మడికాడ ఒకరు. గిన్నె కాడ మీ అవ్వనే" అన్నది. అత్తమ్మ కలుపు తీసుకుంట ఉంటె అవ్వ తొట్టి కాడ కూసోని "గౌరీ, మునిగిందే, కాల్వ మలుపుమను" అని కేక వేసేదట. పగటికి ఇద్దరు ఒక్క గుడ్డల కట్టిన సద్ది తినేటోళ్ళట. సోపతులట.

అవ్వనే, లక్ష్మీరాజం. దారం గుంజింది అవ్వ.

నన్ను ఈ ఇంటికి పట్టుబట్టి ఇచ్చింది సుత అవ్వనే అని నువ్వే రాసినవ్. బాపు వద్దన్నా విననిది ఎందుకో ఇప్పుడు ఎరికైంది. ఎండబెట్టిన ఇంటికి బిడ్డను పంపింది. నీళ్ళు ఇయ్యలేక నన్ను ఇచ్చింది. మనిషిని పంపి బాకీ కడుగుకున్నది. నన్ను అడిగిందా? మగ్గాల దుమ్ముకు నా పెనిమిటి దగ్గుతుంటె, బీడీ ఆకు కత్తిరించి నా వేళ్ళు వంకర పోతుంటె, పండుగకు వచ్చి చీర పెట్టి కండ్లనీళ్ళు పెట్టుకునేది. బిడ్డ మీద పావురం, ప్రేమ అనుకున్న. ఆ కండ్లనీళ్ళు నాకోసం కావు.

ఒళ్ళు తుడిచిన చేతులు ఇయ్యాల మండుతున్నయ్.

అత్తమ్మకు కావాల్సింది ఒక్కటే. ఏ ఊర్లె నాంపెల్లిని బద్ధకస్తుడు, అబద్ధాలకోరు అన్నరో ఆ ఊర్లె, అందరు వినంగ, కాదు అని చెప్పాలె. చెప్పేది మీ ఇంటి మనిషి కావాలె. నేను చెప్తె అత్తగారింటి పక్షం అంటరు.

రుక్కమ్మ

---

కోరుట్ల,
22 మార్చి

రుక్కీ,

మొదట నీ ఉత్తరం చించేసిన. తర్వాత ముక్కలు ఏరి మల్ల చదివిన. వదినె చూసి ఏంది అని అడిగితె, చూడు నీ ఆడబిడ్డ ఏం రాసిందో అని కోపంగ చదివి వినిపించిన. అవ్వ మీద అబద్ధాలు రాసిందని వదినె నాకంటె ఎక్కువ లేస్తదనుకున్న. దారం కాడికి వచ్చేసరికి వదినె మొకం మారింది.

అవ్వ చివరి దినాలల్ల, నువ్వు సిరిసిల్ల పోయినంక, ఒక్కటే మాట గొణిగేదట. "దారం గుంజిన, దారం గుంజిన" అని. బొంత దారాలు ఊడి వేళ్ళకు సుట్టుకుంటున్నయేమోనని వదినె కత్తెర తెచ్చి కొసలన్ని కత్తిరించిందట. బొంత మార్చిందట. అయినా ఆపలేదట. నాకు ఇదంత ఇప్పుడు చెప్తున్నది. అప్పుడే చెప్తె నేనేం చేసేటోణ్ణి? దారమే గదా అందును.

బాపుకు తెల్సో తెల్వదో నాకు తెల్వది. తెల్వదనుకుందామంటె, పక్క మడి ఎండుకుంట మన మడి పారుతుంటె ఎవనికైనా సమజైతది గదా. కాళ్ళు మొక్కించుకున్ననాడు ఏమనుకున్నడో.

నా మీద అరువకు. నేను చిన్నపిలగాణ్ణి అప్పుడు. గని ఆ పసుపు పైసలతోనే నేను చదివిన, ఆ పైసలతోనే దుకాణం పెట్టిన. ఇప్పుడు ఎవరిని తిట్టాలె నేను? నిన్ను తిడుదామంటె నువ్వు నిజం చెప్పినవ్. అవ్వను తిడుదామంటె ఫోటోకు దండ వేసి ఉన్నది. పొద్దున దుకాణం తెరిచిన కాడి నుంచి గిరాకీని తిడుతున్న. పనోడు మానేసిండు.

విగ్రహాలు జగిత్యాల నుంచి వచ్చినయ్. ఊరంత చెప్పుకున్న. ఆపలేను, ఆపను. గని గౌరవ్వ అత్తను పంపు. నువ్వు సుత రా. ఏమనాలనుకుంటె అది అనుండ్రి. గడ్డ మీద అడుగు పెట్టనియ్య అన్న మాట వాపస్ తీసుకుంటున్న.

లక్ష్మీరాజం

---

సిరిసిల్ల,
2 ఏప్రిల్

అన్నా,

నేను రాను. అవ్వ విగ్రహం ముందట నిలబడితె నేను ఏం చేస్తనో నాకే తెల్వది. దండ పెడ్తనో రాయి తీసుకుంటనో. మా ఆయన అత్తమ్మను తీసుకోని వస్తడు. గిన్నె అత్తమ్మ ఒడిల ఉంటది, ఎవరిని ముట్టనిస్తలేదు. ఎండకు తట్టుకోదు, నీడకు కూసోబెట్టు. మాట తప్పితె మాత్రం నీకు చెల్లె లేదు.

రుక్కమ్మ

---

కోరుట్ల,
18 ఏప్రిల్

చెల్లె రుక్కమ్మకు,

బావ వచ్చి అంతా చెప్పే ఉంటడు. బావ మాట తక్కువ మనిషి, అందుకే నేను రాస్తున్న.

టెంటు కింద ఊరంత కూసున్నది. మైకుల సర్పంచ్ మాట్లాడిండు, బాపు గొప్పలు చెప్పిండు. గౌరవ్వ అత్త ముందు వరుసల కుర్చీల కూసోని నన్నే చూస్తున్నది. రెప్ప వేస్తలేదు. మైకు నా చేతికిచ్చిండ్రు.

మంచిగ చెప్దామని రాసుకున్న కాగితం జేబుల నుంచి తీయనే లేదు. కోపం వచ్చింది రుక్కీ. ఎవరి మీదనో తెల్వది, నా గొంతు పెద్దగయింది. "నాంపెల్లి మామ బద్ధకస్తుడు కాదు. అబద్ధాలాడలే. ఆయన వంతు నీళ్ళు మా ఇంటోళ్ళు దొంగతనం చేసిండ్రు. ఈ గిన్నెతోని చేసిండ్రు. మేం తిన్నది ఆ నీళ్ళే. ఆయనతోని కాళ్ళు మొక్కించిన ఊరు ఇదే, అందుకే ఇక్కడ చెప్తున్న" అన్న. ఎవరో మైకు బంద్ పెట్టిండు. బంద్ పెట్టినంక సుత అరిచి చెప్పిన.

చిన్నబాపు లేచి, "కన్నోళ్ళ ఇజ్జత్ తీసినవురా" అని చెప్పులేసుకోని పోయిండు. ఆయన ఎనుక మనోళ్ళు శానామంది పోయిండ్రు. వండిన అన్నం సగం మిగిలింది. ముసలోళ్ళు కొందరు మాత్రం కదలలే. అప్పటి పంచాయితిల ఉన్నోళ్ళు ఎవరు మిగలలేదట, గని వాళ్ళ కొడుకులున్నరు. తల దించుకోని కూసున్నరు.

గౌరవ్వ అత్త లేచింది. బావ పట్టుకోబోతె చెయ్యి ఇదిలిచ్చింది. గడ్డ మీదికి ఎక్కి అవ్వ విగ్రహం ముందట నిలబడ్డది. ఉమ్ముతదనుకున్న, కొడుతదనుకున్న. కొట్టినా ఆపొద్దని వదినెకు ముందే చెప్పిన. ఆమె గిన్నెను అవ్వ కాళ్ళ కాడ ఠంగుమని పడేసింది.

"ఓ లచ్చీ! గుడ్డల సద్ది పంచుకున్నం గదనే. ఒక్క మాట అడిగితె నేనే ఇద్దును గదనే నీళ్ళు. ఎందుకే దొంగతనం చేసినవ్? నా మొగన్ని నేను తిట్టుకునేటట్టు చేస్తివి గదనే లంజె!"

ఇంకా శానా తిట్టింది. అవ్వను పట్టుకోని నా ముందట ఎవరన్న గట్ల తిడితె ఊకునేటోణ్ణి కాదు. మొన్న నిలబడి విన్న. వినుకుంట ఏడ్చిన.

అన్నం తినుమంటె అత్త తినలే. అక్షరాలు చెక్కిన బండను నేనే సుత్తె పెట్టి పగలగొట్టిన. విగ్రహాలు ఉన్నయ్, కింద పేరు లేదు. వదినె ఇంకా నాతోని మాట్లాడుతలేదు.

నీ అన్న
లక్ష్మీరాజం

---

సిరిసిల్ల,
27 ఏప్రిల్

అన్నా,

ఉత్తరం అందింది. నువ్వు చెప్పినవని మా ఆయన వచ్చి చెప్తె మొదట నమ్మలే. ఏం అన్నడో ఒక్కొక్క మాట మల్లమల్ల అడిగిన. నువ్వు ఆ మాట అంటవనుకోలే.

అవ్వ మీద నా కోపం పోలేదు. పోతదని నేననుకుంటలేను, పోగొట్టుమని నన్ను ఎవరు అడగొద్దు. గని అన్నం వండేటప్పుడు ఎసరుల నీళ్ళు పోస్తుంటె ఆమె యాదికొస్తది. తిట్టుకుంట ఏడుస్తున్న, ఏడ్చుకుంట తిడుతున్న.

వదినెకు చెప్పు, ఆమె కత్తెర తెచ్చినందుకు ఆమె తప్పేం లేదని. మాట్లాడకుంట ఎన్ని దినాలు ఉంటది, ఉండనీ.

అత్తమ్మ వచ్చిన కాడి నుంచి మంచిగ తింటున్నది. మామ ఫోటో అటుక మీద ఉండె, దించి తుడిచి గడప ఎదురుంగ కొట్టించింది. వచ్చినోళ్ళకు పోయినోళ్ళకు ముచ్చట చెప్తున్నది, నీ పేరు సుత చెప్తున్నది, లచ్చి కొడుకు మంచోడే అంటున్నది. నిన్న నన్ను పిలిచి మీ అన్నకు ఒక మాట రాయమన్నది. అవ్వ సంవత్సరీకం నాడు ఆమెను తప్పకుంట పిలువాల్నట. గడ్డ మీద ఎండకు తల తిరిగిందట, తిట్టుడు ఇంకా శానా మిగిలిపోయిందట.

రుక్కి